మిలిటరీ ఆయనకి ఇల్లు లేకపోవడమేంట్రా?

మొన్న ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేస్తే నా వెనకాల గరాజ్‌లో ఒక పాత మంచం, రెండు కుర్చీలు, మైక్రోవేవ్ కనపడ్డాయి. "ఏరా, ఇల్లు మారుతున్నారా?" అంది. కాదమ్మా, ఇక్కడ అమెరికాలో మిలిటరీలో చేసొచ్చి రోడ్డున పడ్డవాళ్ళు కొంతమంది ఉంటారు, వాళ్ళకి గవర్నమెంటు అద్దె కట్టి ఇల్లు ఇప్పిస్తుంది, ఖాళీ ఇంట్లో ఏం చేసుకుంటారు పాపం, అందుకని మేం కొందరం సామాన్లు పోగేసి తీసుకెళ్ళి సర్దిపెడతాం అని చెప్పా. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు, నెట్ పోయిందేమో అనుకున్నా. తర్వాత అంది, "మిలిటరీ ఆయనకి ఇల్లు లేకపోవడమేంట్రా, పెన్షన్ రాదా?"

ఆవిడ తప్పేం లేదు. మాది తాడేపల్లిగూడెం వైపు, మిలిటరీ మాధవరానికి దగ్గర్లో. ఆ ఊరి పేరు ఉట్టి మాధవరమే, తరతరాలుగా ఇంటింటి నుంచి ఆర్మీకి వెళ్తూ ఉండేసరికి ముందు మిలిటరీ వచ్చి చేరింది. మా పెదనాన్న కూడా హవల్దార్‌గా రిటైరయ్యొచ్చి, ఒక పక్క పెన్షన్ తీసుకుంటూనే బ్యాంకులో గన్‌మాన్‌గా చాలా ఏళ్ళు చేశాడు, ఊళ్ళో పెంకుటిల్లు తీసేసి డాబా వేసింది ఆయనే. పండక్కి ఆయనింటికే చుట్టాలు ఎందుకు ఎగబడేవాళ్ళో నాకు డిగ్రీకొచ్చాక గానీ అర్థం కాలేదు (క్యాంటీన్ రమ్ము). అలాంటి చోట పుట్టిన మనిషికి మిలిటరీ అంటే ఇంటికి దన్ను. మిలిటరీ ఆయన ఫ్లైఓవర్ కింద పడుకుంటాడంటే ఎలా నమ్ముతుంది.

అసలు తేడా ఎక్కడంటే, ఇండియాలో జవాన్‌కి పదిహేనేళ్ళు చేస్తే పెన్షన్, ఇక్కడ ఇరవై ఏళ్ళు చెయ్యాలి. కానీ ఇక్కడ అంతకాలం ఉండేవాళ్ళు తక్కువ. హైస్కూల్ అవ్వగానే పద్దెనిమిదేళ్ళకి చేరి, ఒక కాంట్రాక్ట్ అంటే నాలుగేళ్ళో ఆరేళ్ళో చేసేసి బయటికొచ్చేవాళ్ళే ఎక్కువ, వాళ్ళకి నెలనెలా పెన్షన్ అంటూ ఏమీ ఉండదు. సర్వీసులో తగిలిన దెబ్బకో అంటుకున్న జబ్బుకో వీఏ వాళ్ళు ఇంత పర్సెంట్ డిసెబిలిటీ అని రేటింగ్ ఇస్తే దాన్నిబట్టి డబ్బులొస్తాయి. వీఏ అంటే వెటరన్స్ అఫైర్స్ (వెటరన్ అంటే మాజీ సైనికుడు), మన సైనిక సంక్షేమ ఆఫీసు, మాజీ సైనికులకి వైద్యం చూసే ఈసీహెచ్ఎస్, పెన్షన్ ఆఫీసు అన్నీ కలిపి ఒకటే డిపార్ట్‌మెంట్ అనుకోండి. ఆ రేటింగ్ రావాలంటే అప్లై చెయ్యాలి, అప్లై చెయ్యాలంటే కాగితాలుండాలి, వాళ్ళ ఉత్తరం అందాలంటే అడ్రస్ ఉండాలి. (మన దగ్గర కూడా 2022లో అగ్నిపథ్ వచ్చింది కదా, నాలుగేళ్ళు చేసి వందలో డెబ్బై ఐదు మంది పెన్షన్ లేకుండా బయటికొస్తారు, మొదటి బ్యాచ్‌కి 2026 చివర, 2027లో టైమ్ అయిపోతుంది. చేతికి పదకొండు లక్షల పైచిలుకు వస్తుందిలే, కానీ మా వైపు ఊళ్ళలో ఆ కుర్రాళ్ళు కనపడితే నాకు ఇక్కడివాళ్ళే గుర్తొస్తున్నారు.)

నేను ఇందులోకి ఎలా వచ్చానంటే మా ఆఫీసులో నేవీలో చేసొచ్చిన ఒకాయన ఉన్నాడు, ఒక జనవరిలో "తెల్లారుజామున ఖాళీయేనా" అని అడిగి లాక్కెళ్ళాడు. ఏటా జనవరి చివర్లో దేశమంతా రోడ్డు మీద, షెల్టర్లలో ఎంతమంది పడుకున్నారో లెక్కపెడతారు. హ్యూస్టన్‌లో చలి పెద్దగా ఉండదనుకుంటాం కానీ బయూ (ఇక్కడి వాగుని అలా అంటారు) పక్కన తడిగాలికి ఎముకలు లాగేస్తాయి. టెంట్ల మధ్య ఫోన్‌లో యాప్ పెట్టుకుని తిరుగుతుంటే మా వాడు ఒకటే చెప్పాడు, "మీరు వెటరనా అని అడక్కు, ఎప్పుడైనా మిలిటరీలో పనిచేశారా అని అడుగు" అని. రెండింటికీ తేడా ఏంటి అనుకున్నా. నలుగురిని అడిగాక తెలిసింది. యుద్ధానికి వెళ్ళలేదు కాబట్టి నేను వెటరన్ కాదు అనుకునేవాళ్ళున్నారు, నేషనల్ గార్డ్‌లో, అంటే స్టేట్ల రిజర్వ్ సైన్యంలో చేశాను, అది లెక్కలోకి రాదులే అనేవాళ్ళున్నారు, ఒకావిడైతే పదేళ్ళ నుంచి బయటుంటూ తనకి వీఏలో ఏదైనా దొరుకుతుందని ఎప్పుడూ అడగలేదంట, ఎందుకంటే వెటరన్ అంటే మగవాళ్ళేననుకుంది. ప్రశ్న మార్చి అడిగితే ఆవిడ లిస్టులోకి వచ్చింది.

ఆ లెక్కల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఏడుపు కథే అనుకుంటారు అందరూ. 2010లో ఒక రాత్రి లెక్కపెడితే దేశంలో ఇల్లు లేని వెటరన్లు 74 వేల పైన. 2024లో 32,882. సగానికి పైగా తగ్గింది. అదే 2024లో మొత్తం ఇల్లు లేనివాళ్ళు మాత్రం అంతకు ముందేడాది కంటే 18 శాతం పెరిగి 7,71,480కి చేరారు, అందరిదీ పెరుగుతుంటే వీళ్ళది 8 శాతం తగ్గింది. ఏదో మంత్రం కాదు, వీళ్ళకోసం విడిగా డబ్బు పెట్టారు, విడిగా మనుషుల్ని పెట్టారు, అంతే. మా హ్యూస్టన్ 2015 జూన్‌లో వెటరన్ల వరకు ఈ సమస్య తీరిపోయిందని ప్రకటించింది, మూడేళ్ళలో 3,650 మందిని ఇళ్ళల్లో పెట్టి. తీరిపోయిందంటే రోడ్డు మీద ఒక్కరు కూడా లేరని కాదు, కొత్తగా ఎవరొచ్చినా గబగబా ఇల్లు చూపించే ఏర్పాటు ఉందని. గబగబా అనే మాట ఆఫీసుల్లో ఎంత సాగుతుందో మీకు తెలుసు కదా.

ఇప్పుడు ఆ మంచం ఎవరికోసమో చెప్తా. కాదు, దానికంటే ముందు నేను సామాను మోసిన మొదటి మనిషి గురించి చెప్పాలి. పేరు చెప్పను, పెద్దాయన అంటా. యాభై ఏడేళ్ళు, 1991 గల్ఫ్ యుద్ధంలో ఆర్మీ ట్రక్ నడిపాడు. వాళ్ళ భాషలో 88 మైక్, అంటే ఆర్మీలో డ్రైవర్ ఉద్యోగానికి ఉన్న కోడ్. మొదటిసారి కలిసినప్పుడు నేను మన అలవాటు కొద్దీ సర్ అంటే చురుగ్గా చూసి "సర్ అనకు, నేను కష్టపడి బతికినోణ్ణి" అన్నాడు. భయమేసింది నాకు. తర్వాత నేవీ ఆయన పడీపడీ నవ్వి చెప్పాడు, అది ఆఫీసర్ల మీద సార్జంట్లు వేసే పాత జోకంట.

బయటికొచ్చాక పదిహేనేళ్ళు లారీ తోలాడు, భార్య పోయింది, తాగి నడిపి పట్టుబడ్డాడు, లైసెన్స్ పోయింది, అద్దె కట్టలేక కార్లో ఉన్నాడు. ఇంతవరకు చాలామందికి ఇదే వరస. అసలు దెబ్బ ఏంటంటే ఒకరోజు ఆ కారు టో చేసేశారు. యార్డులో రోజుకింత అని స్టోరేజి పడుతుంది, అది కారు ఖరీదు దాటిపోయింది, వదిలేశాడు. ఆ కారులో ఏముంది? బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు, డీడీ 214. ఈ డీడీ 214 అనేది మిలిటరీ నుంచి బయటికి పంపించేటప్పుడు ఇచ్చే కాగితం, ఎన్నాళ్ళు చేశాడు ఏం చేశాడు ఎలా పంపించారు అన్నీ అందులో ఉంటాయి, అది లేకపోతే వెటరన్ అని నోటితో ఎంత చెప్పుకున్నా చాలాచోట్ల చెల్లదు. ఇక చూడండి, ఐడీ కావాలంటే బర్త్ సర్టిఫికెట్ తెమ్మంటారు, బర్త్ సర్టిఫికెట్‌కి వెళ్తే ఐడీ చూపించమంటారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. ఆ సామెత మా నాయనమ్మ ఎవరి గురించి చెప్పేదో గుర్తులేదు కానీ కౌంటర్ ముందు మూడోసారి నిలబడ్డప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

ఆ కాగితాలు తెప్పించడానికి వారాలు పట్టింది. పుట్టింది వేరే స్టేట్, అదో తలనొప్పి. ఉత్తరాలన్నీ ఒక చర్చి అడ్రస్‌కి తెప్పించాం, అందులో ఒకటి ఎవరో పొరపాటున వెనక్కి పంపించేశారు.

కాగితాలొచ్చాక అద్దె వోచర్. దాన్ని హడ్ వాష్ అంటారు. అద్దె డబ్బు హౌసింగ్ డిపార్ట్‌మెంట్‌ది, కేస్ మేనేజర్ వీఏ మనిషి, 1992లో చిన్నగా మొదలెట్టి 2008 నుంచి పెద్దయెత్తున చేస్తున్నారు. తనకొచ్చేదాంట్లో దాదాపు ముప్పై శాతం ఆయన కడతాడు, మిగతాది హౌసింగ్ అథారిటీ నేరుగా ఓనర్‌కి పంపిస్తుంది. వినడానికి బాగుంది కదా. కానీ వోచర్ అంటే ఇల్లు కాదు, కాగితం. 120 రోజుల్లో ఇచ్చే ఓనర్‌ని వెతుక్కోవాలి, టైమ్ పెంచమంటే పెంచుతారనుకోండి. పాత ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించిన కేసు) ఒకటుంది, క్రెడిట్ స్కోర్ గురించి అడక్కండి. ఒకచోట లీజింగ్ ఆఫీసులో అమ్మాయి అప్లికేషన్ ఫీజు తీసుకుని, రశీదు ఇచ్చి, అప్పుడు చెప్పింది మేం వోచర్లు తీసుకోం అని. ముందే చెప్పొచ్చు కదమ్మా అంటే మీరు అడగలేదు అంది. టెక్సాస్‌లో అది తప్పు కూడా కాదు, వోచర్ వాళ్ళని కాదనకూడదని సిటీలు రూల్ పెట్టకుండా 2015లో స్టేట్ చట్టమే చేసింది, వెటరన్ల విషయంలో మాత్రం సిటీలు కావాలంటే పెట్టుకోవచ్చని ఒక సందు వదిలింది. ఏడో చోట దొరికింది. దొరికాక ఇన్‌స్పెక్షన్‌లో కిటికీ గొళ్ళెం లేదని ఫెయిల్ చేశారు, గొళ్ళెం వెయ్యడానికి ఓనర్‌కి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆయన బయటే పడుకున్నాడు, చేతిలో వోచర్ పెట్టుకుని.

ఇంట్లో దిగిన రోజు మేం అన్నీ తెచ్చాం అనుకున్నాం. మంచం, పరుపు, గిన్నెలు, టవళ్ళు, చీపురు, డబ్బాలు తెరిచే ఓపెనర్ కూడా. షవర్ కర్టెన్ మర్చిపోయాం. ఎన్నాళ్ళకో సొంత బాత్రూంలో స్నానం చేద్దామని వెళ్ళిన మనిషి బయటికొచ్చి "నీళ్ళు హాల్లోకి వస్తాయి, ఫర్లేదులే, రేపు చేస్తా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. దగ్గర్లో డాలర్ స్టోర్‌కి పరిగెత్తి తెచ్చా, చేపల బొమ్మలున్నదే దొరికింది, అదే తగిలించాం.

తాళాలు ఇచ్చేటప్పుడు రెండిచ్చారు, ఒకటి తలుపుది, ఇంకోటి చిన్నది, మెయిల్ బాక్స్‌ది. ఆయన తలుపు తాళం జేబులో వేసుకుని చిన్నదాన్ని పట్టుకుని కిందకి వెళ్ళి, ఖాళీ డబ్బా తెరిచి చూసి, మూసి వచ్చాడు. ఇవాళ ఆదివారం కదా మెయిల్ రాదు అన్నా. "తెలుసు" అన్నాడు. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు కానీ తర్వాత కేస్ మేనేజర్ చెప్పింది, ఆయన డిసెబిలిటీ ఎగ్జామ్‌కి రమ్మని రెండుసార్లు వచ్చిన ఉత్తరాలు అందక, రాలేదని ఫైల్ మూసేశారంట. ఆయన వీపు నొప్పి పదేళ్ళు ఆ ఉత్తరాల దగ్గరే ఆగిపోయింది.

ముందు నేను కూడా అందరిలాగే అనుకునేవాణ్ణి, తాగుడు మానిపించి, పనిలో పెట్టి, అప్పుడు ఇల్లు ఇవ్వాలి గానీ ముందే చేతిలో పెడితే ఎలా అని. మన ఇళ్ళల్లో పెంపకం అదే కదా, ముందు మార్కులు తర్వాత సైకిల్. ఇక్కడ కూడా చాలాకాలం అలాగే చేశారు, షెల్టర్‌లో బుద్ధిగా ఉంటే ఒక మెట్టు, మందు మానేస్తే ఇంకో మెట్టు, ఆఖర్న ఇల్లు. ఆ మెట్లు ఎక్కలేక మధ్యలోనే పడిపోయేవాళ్ళు. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్ట్ దాన్ని తిరగేశాడు, ముందు ఇల్లు ఇచ్చెయ్యి, మిగతాది తర్వాత చూద్దాం అని. హౌసింగ్ ఫస్ట్ అంటారు, హ్యూస్టన్ చేసింది కూడా అదే. 2025 జూలైలో ప్రెసిడెంట్ ఇచ్చిన ఆర్డర్ ఈ పద్ధతికి మద్దతు ఆపెయ్యమంది, నాకైతే అది పెద్ద పొరపాటనిపిస్తుంది. రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియని మనిషి పొద్దున ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి రావాలంటే ఎలా వస్తాడు, ఆ చొక్కా రాత్రంతా ఎక్కడ పెట్టుకుంటాడు.

అలాగని ఇల్లిస్తే అన్నీ కుదురుకుంటాయని చెప్పను. మేం సామాను మోసిన ఇంకొకతను, చిన్నవాడు, ఇరాక్ వెళ్ళొచ్చాడు, ఒంటరిగా ఉండలేక టెంట్లలో పాత స్నేహితుల్ని నలుగుర్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు, గొడవలయ్యాయి, లీజు పోయింది. మళ్ళీ అప్లై చేయించారు. ఇప్పుడు ఎక్కడున్నాడో మా వాళ్ళకి కూడా సరిగ్గా తెలీదు.

ఇంకో సంగతి, లాస్ ఏంజెలెస్‌లో వెటరన్ల ఇళ్ళ కోసమని 1888లో దానమిచ్చిన స్థలం ఉంది, ఇప్పటికీ వీఏ చేతిలో 388 ఎకరాలు. అందులో కాలేజీ బేస్‌బాల్ స్టేడియం ఉంది, ప్రైవేట్ స్కూల్ ఆటస్థలం ఉంది, 2021 దాకా గేటు బయట ఫుట్‌పాత్ మీదేమో వెటరన్ల టెంట్లు వరసగా ఉండేవి. పైగా కొన్ని బిల్డింగుల్లో డిసెబిలిటీ డబ్బుని ఆదాయం కింద లెక్కేసేవాళ్ళు, అంటే వంద శాతం వికలాంగుడికి డబ్బు ఎక్కువొస్తుంది కాబట్టి నీకు ఇల్లు రాదు ఫో అన్నట్టు. 2024 ఆగస్టులో గానీ హౌసింగ్ డిపార్ట్‌మెంట్ ఆ రూల్ సవరించలేదు. ఇది అమ్మకి చెప్పలేదు, చెప్తే శాపనార్థాలు పెడుతుంది.

సరే, ఉద్యోగం. హెచ్‌వీఆర్‌పీ అని లేబర్ డిపార్ట్‌మెంట్ ప్రోగ్రామ్ ఒకటుంది, 1987 నుంచి ఉంది, ఇల్లు లేని వెటరన్లకి ట్రైనింగు, పనిలోకి బూట్లు, బస్ పాస్ లాంటివి దాంట్లోంచి ఇస్తారు. ఆయన రెజ్యూమె నన్ను రాయమన్నారు, ఐటీవాణ్ణి కదా అని. మన సంగతి మీకు తెలియంది కాదు, కన్సల్టెన్సీ రెజ్యూమెల్లో పుట్టి పెరిగినవాళ్ళం, రెండేళ్ళ పనికి ఎనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ రాసిన చేతులు ఇవి. ఈయన్ని కూర్చోబెట్టి గల్ఫ్‌లో ఏం చేశారో చెప్పండి అంటే "ట్రక్ నడిపా" అన్నాడు. ఇంకా? "ట్రక్కులు". ఎన్ని? గంటసేపు గీకితే బయటపడింది ఏంటంటే, ఎడారిలో రాత్రిపూట లైట్లు ఆర్పేసి ఇరవై బళ్ళ కాన్వాయ్‌ని నడిపించాడు, ఏ బండిలో ఎంత డీజిల్, ఏది ఎక్కడ ఆగిపోయింది, ఎవరు నిద్రపోకుండా చూడాలి, అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ. నేను టీమ్ లీడ్, లాజిస్టిక్స్ అని టైప్ చేస్తుంటే "అబద్ధం రాయకు" అన్నాడు. నా సర్వీసులో రెజ్యూమె చూసి ఆ మాట అన్న మనిషి ఈయనొక్కడే.

లారీ లైసెన్స్ మళ్ళీ రావడం కష్టం. మిలిటరీ డ్రైవర్లకి టెస్ట్ మినహాయింపు ఉంది కానీ అది బయటికొచ్చిన ఏడాదిలోపే. ఇంకో భయం కూడా ఉంది, పనికి వెళ్తే వచ్చేది ఆగిపోతుందేమో అని, చాలామంది అక్కడే ఆగిపోతారు. మామూలు డిసెబిలిటీ రేటింగ్ డబ్బు జీతం వస్తే తగ్గదు, ఆదాయం లేదని ఇచ్చే పెన్షన్ రకం, అసలు పని చెయ్యలేడని ఇచ్చే రకం అయితే తేడా పడుతుంది. ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పే మనిషి పక్కనుంటే సగం పని అయినట్టే. చివరికి ఒక ట్రక్ యార్డులో నైట్ డిస్పాచర్‌గా దొరికింది. ఏ బండి ఎక్కడుంది, ఎవరు నిద్రపోతున్నారు, పని అదే. నోట్‌బుక్కు కొత్తది.

మనవాళ్ళకి ఒక మాట. హ్యూస్టన్ పక్కన కేటీలో, షుగర్‌లాండ్‌లో, అటు డాలస్ వైపు మనవాళ్ళు రెండో ఇల్లు మూడో ఇల్లు కొని అద్దెకిచ్చేవాళ్ళు ఎంతమందో లెక్కలేదు. మొన్న పాట్‌లక్‌లో ఈ విషయం ఎత్తితే మా ఫ్రెండ్ ఒకడు బిర్యానీ ప్లేటు పట్టుకుని "వోచర్ వాళ్ళా, వద్దు బాబూ, ఇల్లు పాడుచేస్తారు" అన్నాడు. వాడి పోయిన టెనెంట్ పెద్ద కంపెనీలో మేనేజర్, మూడు నెలల అద్దె ఎగ్గొట్టి చెప్పకుండా వెళ్ళిపోయాడు, ఆ ఏడుపు మేమే విన్నాం. ఇక్కడ అద్దెలో ఎక్కువ భాగం నెలనెలా హౌసింగ్ అథారిటీ నుంచి పడుతుంది, గొడవొస్తే ఫోన్ చెయ్యడానికి కేస్ మేనేజర్ ఉంటుంది. వాడు ఇంకా ఒప్పుకోలేదు. ఆలోచిస్తా అన్నాడు, అది వద్దనడం కంటే ఒక మెట్టు నయం. మీ చుట్టుపక్కల ఎవరైనా కనపడితే వీఏ వాళ్ళ నంబర్ 877-424-3838, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు.

గరాజ్‌లో మంచం ఈ శనివారం ఒకావిడకి వెళ్తోంది. ఆ రోజు జనవరిలో వెటరన్ అంటే మగవాళ్ళే అనుకున్నానని చెప్పిన ఆవిడే. సామాను లిస్టు ఇప్పుడు పెద్దాయనే రాస్తాడు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తాడు, అన్నీ పెద్దక్షరాల్లో, టైమ్ కూడా 0900 అని మిలిటరీ లెక్కలో. లిస్టులో మొదటిది షవర్ కర్టెన్, బ్రాకెట్లో చేపలు వద్దు అని. పోయినసారి నేను 9:10కి వెళ్ళా. ఏమీ అనలేదు, గడియారం వంక చూసి మంచం బరువు వైపు నాకిచ్చాడు.